తాత దించిన డప్పు

మా ఇంట్లో నీళ్ళ కుండ కింద ఒక కట్టె చక్రం ఉండేది. అది కుదురే అనుకునేవాణ్ణి. ఎండాకాలం కుండ చెమర్చి ఆ కట్టె ఎప్పుడూ తడితడిగా, నల్లగా ఉండేది. ఒక పక్కన మాత్రం జానెడు మేర నున్నగా అరిగిపోయి ఉండేది. అవ్వ కుండ కడగడానికి దించినప్పుడల్లా ఆ చక్రం ఎత్తుకుపోయి వాడంతా పుల్లతో కొడుతూ దొర్లించేవాణ్ణి. ఒకరోజు అట్లాగే దొర్లిస్తుంటే వేపచెట్టు కింద కూర్చున్న ముసలాయన ఒకాయన ఆపి, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ తాత డప్పురా పోరడా" అన్నాడు. ఆ అరిగిన చోటు తాత ఎడమ చెయ్యి ఆనిన చోటని నాకు అర్థం కావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంటికొచ్చి అడిగితే అవ్వ ఏమీ చెప్పలేదు. నాయిన నా చేతిలోంచి గుంజుకొని కుండ కింద పెట్టేశాడు.

ఇప్పుడు నేను క్రైస్తవ పాటలు రాస్తాను, బాణీ కడతాను, పాడతాను. బతుకుదెరువు మాత్రం ఇళ్ళకు కరెంటు వైరింగ్ పని. దేవరకొండ నుంచి డిండి వైపు, అటు కల్వకుర్తి దాకా నన్ను పాటలకు పిలిచే సంఘాలున్నాయి, వాటిలో కొన్ని మందిరాలకు వైరింగ్ చేసింది కూడా నేనే. నాలుగైదేళ్ళుగా ఒక్క మాట అడుగుతున్నాను: మందిరంలోకి డప్పును రానివ్వండి. ఈ మాట మీద మా సంఘంలో గొడవైంది. మా ఇంట్లో అంతకంటే పెద్ద గొడవైంది. ఎందుకడుగుతున్నానో, ఎవరికి ఏం జవాబు చెప్తానో ఒక్కచోట రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు పిలుపు సంగతి చెప్పాలి. ఉజ్జీవ సభల్లో మైకు చేతికిచ్చేముందు ఎవరో ఒకరు, "బ్రదర్, దేవుడు మిమ్మల్ని పాటల పరిచర్యకు ఎట్లా పిలిచాడో సాక్ష్యం చెప్పి, ఆ తర్వాత పాడండి" అంటారు. వాళ్ళు ఒక రాత్రి కోసం చూస్తారు. జ్వరంతో పడి ఉన్న రాత్రో, కలలో స్వరం వినబడిన రాత్రో ఏదో ఒకటి ఉండాలి కదా అని. అట్లాంటి అనుభవం ఉన్నవాళ్ళను నేను తక్కువ చెయ్యను. నాకు మాత్రం అట్లాంటి రాత్రి లేదు. ఉన్నదల్లా అమ్మ నాట్లేసిన మడి.

అమ్మకు చదువు రాదు. ఆదివారం మందిరంలో పాడిన కీర్తన ఆమెకు సోమవారం పొలంలో కావాలి. అందుకని రాత్రి బుడ్డి దగ్గర కూర్చోబెట్టి, నాలుగో తరగతి చదివే నా చేత పాటల పుస్తకంలోంచి ఒక్కో చరణం మూడుసార్లు చదివించుకునేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకు తెలుసు, పాట మొదట్లోనే రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. నేను వాటిని కూడా గట్టిగా చదివేవాణ్ణి. "అది నాకెందుకు బిడ్డా, మాట చదువు" అనేది. మర్నాడు మడిలోకి దిగాక ఆ కీర్తన నడక పూర్తిగా మారిపోయేది. వంగి నారు గుచ్చి ఒక అడుగు వెనక్కి వేసే దానికి సరిపోయేట్టు ఆమె దాన్ని విరిచేది. ఒకరు ఎత్తుకుంటే పది మంది అందుకునేవాళ్ళు, పిడికిట్లోంచి నారు తెగే చోటే మాట కూడా తెగేది. చరణం మరిచిపోతే ఆగేది కాదు, అప్పటికప్పుడు తన మాట ఒకటి వేసేది. రెండు వారాలు పోయాక చూస్తే మా వాడ ఆడవాళ్ళందరూ మందిరంలో కూడా ఆమె వేసిన మాటే పాడుతుండేవాళ్ళు. "పుస్తకంలో అట్ల లేదమ్మా" అని నేనొకసారి అన్నాను. "పుస్తకంల లేకుంటే లేకపాయె, మడిల ఉంది గద" అంది. పాట రాయడం నేను ఇంకెక్కడా నేర్చుకోలేదు.

నా మొదటి పాట అమ్మ పుట్టిల్లు ఉన్న మర్రిగూడ వైపు పుట్టింది. ఆ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ జిల్లా వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న నీళ్ళు అంతకు ఎన్నో రెట్లు దాటి, తాగినవాళ్ళ పళ్ళ మీదికి, ఎముకల్లోకి ఎక్కాయి. అక్కడ ఒక ఇంటి కూడికలో అయ్యగారు (పాస్టరును మేం అట్లాగే అంటాం) "మోకరించుదాం" అన్నారు. అందరూ మోకాళ్ళ మీదికి వంగారు. గోడ పక్కన మా అమ్మ వైపు పెద్దమ్మ ఒకామె మాత్రం నిలబడే ఉంది. నడుము వంగదు, మోకాళ్ళు వంగవు. కిందకు చూద్దామంటే మెడ కూడా తిరగదు. అట్లా నిలబడి, కళ్ళు మూసుకొని, గోడను అరచేత్తో పట్టుకొని ప్రార్థన చేసింది. ఆ గోడకు ఆమె చెయ్యి పెట్టే చోట సున్నం పోయి మట్టి కనబడుతోంది. ఎన్ని కూడికల నుంచి అక్కడ అట్లా నిలబడుతోందో ఏమో.

వంగని మోకాళ్ళ ప్రార్థన కూడా వినే దేవుడని ఆ రాత్రే రాశాను. మాటలు వచ్చేశాయి గానీ బాణీ కుదరలేదు. కీర్తన బాణీలో పెడితే మరీ మెత్తగా ఉంది, సినిమా బాణీ అసలే పనికిరాదు. ఇంటికొచ్చాక ఒక సాయంత్రం కరెంటు లేనప్పుడు స్టీలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని వేళ్ళతో కొడుతూ పాడుకుంటుంటే అది కుదిరింది. అన్నం తింటున్న నాయిన చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "ఆ దెబ్బ యాడ నేర్చినవ్?" అన్నాడు. ఎవరూ నేర్పలేదు. ఊళ్ళో బోనాలకు, చావులకు, పీర్ల పండక్కు వినీ వినీ చెవిలో ఉండిపోయింది అంతే. నాయిన పళ్ళెంలో చెయ్యి కడుక్కొని బయటికి వెళ్ళిపోయాడు, అన్నం సగం అట్లాగే ఉంది.

తాత డప్పు ఎందుకు దించాడో అప్పుడు గానీ నాయిన నోటి నుంచి రాలేదు, అది కూడా ఒక్కరోజులో రాలేదు. మా తాత ఊరి డప్పు. అంటే ఆయనకు కళ ఉందని ఊరు పిలిచి చప్పట్లు కొట్టడం కాదు. దొర ఇంట్లో చావైతే పిలవాలి, ఊళ్ళో దండోరా వెయ్యాలంటే పిలవాలి, గొడ్డు చస్తే ఈడ్చాలన్నా ఆ చేతినే పిలవాలి. నిజాం రాజ్యం పోయిన పోలీస్ యాక్షన్ అయిపోయి, వెట్టి పోయిందని కాగితాల మీద రాసుకొని ఎన్నో ఏళ్ళైనా మా ఊళ్ళో పిలుపు మాత్రం పోలేదు. నడిబజారులో చెప్పులు చేతిలో పట్టుకొని నడవాలి, చంకలో డప్పు, చేతిలో చెప్పులు. నాయినకు పదేళ్ళున్నప్పుడు ఒక వానాకాలం రాత్రి తాతతో పాటు చావుకు పోయాడట. తోలు తడిసి మెత్తబడితే మోగదు, అందుకని కాచడానికి గడ్డి అడిగితే ఇవ్వలేదట. మోగని డప్పు కొడుతున్నాడని మళ్ళీ తిట్టింది కూడా వాళ్ళే. "నువ్వు కొడుతుంటే నాకు పాట ఇనబడదు బిడ్డా. మా నాయినను 'ఒరేయ్' అని పిలిచిన గొంతు ఇనబడతది" అన్నాడు నాయిన. ఈ మాట దగ్గర నేను చాలా నెలలు ఆగిపోయాను.

క్రైస్తవంలోకి వస్తూ డప్పు దించింది మా తాత ఒక్కడే కాదు. 1866 నుంచి ఒంగోలు వైపు మాదిగలు బాప్టిస్టు మిషన్‌లోకి వస్తూ వచ్చారు, 1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చెయ్యం, జాతర్లలో డప్పు కొట్టం అన్నందుకు వాళ్ళు ఊళ్ళ చేతుల్లో పడ్డ కష్టాలు మిషనరీల రాతల్లో ఉన్నాయి. ఆ తర్వాత బాప్టిస్టులు పాలమూరు వచ్చారు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు నల్లగొండలో దిగారు, అటు తర్వాత అమెరికా మెన్నొనైట్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల దాకా పోయారు. ఎక్కడ ఏ మిషన్ వచ్చినా మా వాళ్ళు చేసిన ఒక పని ఒకటే. డప్పు కొట్టం అన్నారు. ఎవరో మిషనరీ లాగేసుకుంటే పోయింది కాదది. ఆ చెయ్యి ఇక నీ పిలుపుకు లేవదు అని దొరకు చెప్పడానికి మా తాత దగ్గర ఉన్న ఒకే ఒక్క దారి అది.

అందుకే, "మీ చర్చి మీ సంస్కృతిని మింగేసింది, మీ తాత మోసపోయాడు" అని నాకు చెప్పే మిత్రులకు నేను ఒప్పుకోను. డప్పు ఇప్పుడు ఆత్మగౌరవానికి గుర్తు అయింది, నిజమే, 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పటి నుంచి డప్పు భుజానికేసుకుని తలెత్తి నడవడం మా వాళ్ళకు అలవాటైంది, ఆ ఉద్యమం లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణే కాను. కానీ ఆ రోజుల్లో తాత డప్పు దించడం కూడా ఆత్మగౌరవమే. ఇప్పుడు నేను ఎత్తుకోవడం దానికి ఎదురు కాదు. ఆయన దించకపోతే నాకు ఎత్తుకునే స్వేచ్ఛ ఉండేదే కాదు, ఊరు పిలిచినప్పుడు కొట్టడమే ఉండేది.

ఇక రెండో వైపు వాళ్ళకు. "బ్రదర్, అది పోచమ్మ ముందు కొట్టేది కదా, దేవుని మందిరంలోకి ఎట్లా తెస్తాం?" అని మా అయ్యగారే అడిగారు. మంచి మనిషి, నా పెళ్ళి చేసింది ఆయనే, కాబట్టి గౌరవంగానే చెప్పాను. అయ్యగారూ, మన కీర్తనల పుస్తకంలో పాట మొదట్లో ఉన్న ఆ రాగాల పేర్లు ఎక్కడివి? ఆ కీర్తనలు రాసినవాళ్ళలో ఒకరైన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా బతికి, యేసును ఆ రాగాల్లోనే పాడారు, అవి అంతకుముందు ఏ గుళ్ళో ఎవరిని పాడాయో ఆయనకు బాగా తెలుసు. ఆ రాగాలకు మారుమనసు ఉందని మనం దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటే ఒప్పుకున్నాం. మా దరువుకు మారుమనసు లేదా? మేళం పక్కన కూర్చునేవాళ్ళ రాగమేమో లోపలికి వచ్చింది, మేళానికి, ఊరికి బయట ఉన్నవాళ్ళ దరువేమో చెప్పుల దగ్గరే ఆగిపోయింది. ఇందులో పోచమ్మ ప్రశ్న ఎంతో, కులం ప్రశ్న ఎంతో మనం నిజాయితీగా చూసుకోవాలి.

ఇంకొకటి. మన కీబోర్డులో డప్పు టోన్ ఉంది. స్టూడియోలో ట్రాక్ చేయించినప్పుడు రిథమ్ అబ్బాయి ఆ టోన్ వేసి ప్యాడ్ మీద రెండు వేళ్ళతో కొడతాడు, అదే పాట ఆదివారం స్పీకర్లలో వేస్తే అందరూ చప్పట్లు కొడతారు, ఒక్కరు కూడా లేచి బయటికి పోలేదు. వైరింగ్ చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆ శబ్దం వైరు గుండా వస్తే పవిత్రం, తోలు మీంచి వస్తే అపవిత్రం ఎట్లా అవుతుంది? తోలును, దాన్ని పట్టుకున్న చేతిని చూసి కదా మనకు ఇబ్బంది.

బైబిల్ మాట కూడా చూద్దాం. ఎర్ర సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము చేతిలో పట్టుకున్నది తంబుర అని మన తెలుగు బైబిల్లో ఉంది, 150వ కీర్తనలోనూ తంబురే. తంబుర అనగానే మన కళ్ళ ముందు తీగల వాయిద్యం, కచేరీ కనబడతాయి. హీబ్రూలో ఆ మాట తోఫ్. గుండ్రటి కట్టె చట్రం మీద తోలు బిగించి చేత్తో కొట్టేది. బానిసతనం నుంచి బయటపడిన జనం ముందు ఒక ఆడమనిషి దాన్ని కొడుతూ నడిచింది, మిగతా ఆడవాళ్ళందరూ ఆమె వెనక నడిచారు. తర్జుమా చేసిన పండితులను నేను తప్పు పట్టను, వాళ్ళకు తెలిసిన మర్యాదైన మాట వాళ్ళు వేశారు. కానీ మా అవ్వకు ఆ వచనం చదివి వినిపించిన రోజున తోఫ్ అంటే ఇదీ అని ఎవరైనా చెప్పి ఉంటే, కుండ కింద ఉన్న చక్రం వైపు ఆమె ఒక్కసారైనా చూసి ఉండేది.

అమెరికాలో నల్లవాళ్ళ చర్చిలో ఇదే గొడవ జరిగింది. గాస్పెల్ సంగీతానికి, అంటే నల్లవాళ్ళ చర్చి పాటలకు, తండ్రి అని అందరూ చెప్పే థామస్ డోర్సీ 1899లో జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో పుట్టాడు. తండ్రి ప్రసంగీకుడు, తల్లి ఆర్గన్ వాయించేది. కొడుకేమో జార్జియా టామ్ అనే పేరుతో బ్లూస్ అనే లౌకిక సంగీతం వాయించాడు, 'మా రైనీ' అనే పెద్ద గాయని వెనక పియానో వాయించాడు. ఆ బ్లూస్ నడకతోనే దేవుని పాటలు కట్టి షికాగో చర్చిల దగ్గరికి తీసుకుపోతే, తాగుబోతుల సంగీతమని చాలా చోట్ల వెనక్కి పంపించారు. 1932లో ఆయన పాటల పని మీద సెయింట్ లూయిస్‌లో ఉండగా టెలిగ్రామ్ వచ్చింది, ఇంటి దగ్గర కానుపులో భార్య నెట్టీ చనిపోయిందని. ఆయన షికాగో చేరాక బిడ్డ కూడా పోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చిన పాటను 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహేలియా జాక్సన్ పాడింది. డోర్సీ తర్వాతి పాటల జీవితమంతా చర్చిలోనే గడిచింది. ఈ కథ చదివిన రోజు నాకు సంగీతం సంగతి కంటే ఆయన సెయింట్ లూయిస్ నుంచి ఇంటికి తిరిగొచ్చిన ఆ దారి ఎక్కువ గుర్తుండిపోయింది. దేవుని పాట కోసం ఊరు దాటిపోయిన ప్రతిసారీ ఇంట్లో ఎవరు ఏ నొప్పితో ఉన్నారో అని నాకూ టెన్షన్‌గానే ఉంటుంది. నా భార్య ఎన్ని రాత్రులు పిల్లను ఒక్కతే పడుకోబెట్టిందో, నేను సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ లెక్కలో నేను ఆమెకు బాకీ.

సరే, ఇన్ని వాదనలూ నేను నాయిన ముందు కూడా పెట్టాను. తోఫ్ సంగతి చెప్పాను, డోర్సీ సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. వినీ వినీ ఒక ప్రశ్న అడిగాడు: "సరే, తెస్తవ్. ఎవలు కొడతరు?"

"నేనే కొడతా. మనోళ్ళ పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నరు, నేర్పిస్తా."

"అగో, అదే అంటున్న. మందిరంల రెడ్డోళ్ళ పిల్ల కీబోర్డు కొడతది, టీచరు కొడుకు గిటార్ కొడతడు, డప్పు మాత్రం మళ్ళ మన పోరలకే ఇస్తవ్. ఊళ్ళ ఉన్నదే గద మందిరంల పెట్టినట్టు. నువ్వు డప్పు తేవాల్నంటే అందరి చేతికి ఇయ్యి. ఆల్ల భుజానికి కూడ తోలు వాసన రానియ్యి. అప్పుడు జూద్దాం."

ఇరవై ఏళ్ళుగా పాటలు రాస్తున్నాను, నాలుగైదేళ్ళుగా ఈ ఒక్క విషయం మీద అందరితో వాదిస్తున్నాను, నాకు ఈ మాట తట్టలేదు. ఏడో తరగతితో బడి మానేసి, బొంబాయిలో గుంపు మేస్త్రీ కింద మట్టి మోసి, వచ్చి తాపీ పని నేర్చుకొని ఇల్లు కట్టిన మనిషి చెప్పాడు. నేను వాయిద్యం గురించి అడుగుతున్నాను, ఆయన భుజం గురించి అడిగాడు. అప్పటి నుంచి నా డిమాండు మారింది. డప్పు రావాలి, వస్తే అందరికీ నేర్పాలి, అందులో ఆడపిల్లలు తప్పకుండా ఉండాలి, మిర్యాము ఆడదే కదా. ఎవరి పిల్లవాడికైనా డప్పు పట్టుకోవడానికి ఇంట్లో అభ్యంతరం ఉందంటే, ఆ ఇంటికి పోయి కూర్చొని మాట్లాడాల్సింది అయ్యగారే.

అయ్యగారు మూడు నెలలు టైమ్ అడిగారు, ప్రార్థన చేశారు, రెండు కుటుంబాలతో మాట్లాడారు. ఒక కుటుంబం సంఘం మారిపోయింది. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

ఈ ఏడాది మట్టల ఆదివారం ఐదు డప్పులతో బయల్దేరాం. ఈత మట్టలు పట్టుకొని పిల్లలు ముందు, వాళ్ళ వెనక డప్పులు. ఐదుగురిలో ఇద్దరు ఆడపిల్లలు, ఒకామె ఆ కీబోర్డు వాయించే అమ్మాయే. కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల పట్టుకోవడం నేర్పడానికే మాకు నెల పట్టింది, ఎడమ చెయ్యి ఎవరికీ వినదు. పొద్దున్నే మందిరం వెనక గడ్డి మంట వేసి తోలు కాచాం. మంట మీద తిప్పుతూ వేలితో తట్టి చూస్తే, బొద్దుగా ఉన్న శబ్దం మెల్లమెల్లగా ఎక్కి ఎక్కి ఒక్కసారి ఖణ్ మంటుంది, అక్కడ తీసెయ్యాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే తోలు పగులుతుంది. ఒకటి పగిలింది కూడా. ఊరేగింపు నడిబజారు గుండా పోయింది, తాత చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన బజారే. కొందరు అరుగుల మీద నుంచి చూశారు, కొందరు తలుపులేసుకున్నారు, ఒక ముసలావిడ మాత్రం పిల్లలకు చెంబుతో నీళ్ళిచ్చింది. మేం పాడింది వంగని మోకాళ్ళ పాట. పాట సగంలో వెనక్కి తిరిగి చూశాను. నాయిన అందరికంటే వెనక, నాలుగు గజాలు ఎడంగా, చెప్పులేసుకొని నడుస్తున్నాడు. డప్పుల వైపు చూడటం లేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "మూడో దెబ్బ కాడ ఉరుకుతున్నరు" అన్నాడు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున నాలుగింటికి గుట్ట మీద ఆరాధన ఉంటుంది, అప్పటికి మంచుకు తోలు మెత్తబడి ఉంటుంది కాబట్టి ఎండు గడ్డి ఎక్కువ కావాలని నేనంటే, గడ్డి తను తెస్తానన్నాడు. డప్పు పట్టుకుంటానని మాత్రం అనలేదు, నేనూ అడగలేదు.